ఒకటో దెబ్బ లేని పాటలు

2023 నాటికి తమిళనాడు రాజపాళయంలో నా రికార్డింగ్ స్టూడియోకి పద్నాలుగేళ్లు. సత్రపట్టి రోడ్డులో మేడ మీద గది. బస్సు హారన్లు లోపలికి రాకుండా గోడల్లో మిల్లు పత్తి వేస్టు దట్టించుకున్నాను. అక్కడ నేను రికార్డు చేసినవన్నీ భజనలు, కోలాటం పాటలు. అలాంటి చోటికి పక్క ఊరు సేత్తూరు నుంచి పద్మావతి స్కూటరు మీద రెగ్గే ఆల్బం పాడటానికి వచ్చింది.

రెగ్గే జమైకా దీవి సంగీతం. ఆమె దానికి పాప్ పల్లవులు, సోల్ అనే అమెరికా నల్లజాతి పాటల ఆర్తి, హిప్‌హాప్ మాటల దరువు కలిపి, 'అదే' అనడానికి తమిళంలా 'అది దా' అనే మా ఇళ్ల తెలుగులో ఎనిమిది పాటలు కట్టింది. మధురైలో వాయించిన డ్రమ్స్, గిటార్ ఫైళ్లు వారం ముందే పంపింది. మిగిలింది ఆమె గొంతు.

"ఈ రెండు దినాలే అన్నా," అంది. "ఎల్లుండి మధురైలో థైరాయిడ్ ఆపరేషన్. గొంతు ఇట్లే ఉంటాదని డాక్టరు మాట ఇయ్యలేదు."

హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక నిమిషం వింది. ముఖం మారిపోయింది.

"అన్నా, ఒకటో దెబ్బ ఎవరు వేసినారు?"

"నేనేమ్మా. మీ డ్రమ్మరు విడిచిపెట్టినాడు, సరి చేసినాను."

కోలాటంలో ఒకటో దెబ్బ పడకపోతే కోలలే కలవవు. అందుకే తగుదునమ్మా అని ఎనిమిది పాటల్లోనూ, ప్రతి ఆవర్తం మొదట్లోనూ కిక్ అతికించాను. కిక్ అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్ము. శభాష్ అంటుందని కూడా ఎదురుచూశాను!

"విడిచిపెట్టలేదు అన్నా. ఈ పాటలకు ఆ ఖాళీ దా ముఖ్యం. నేను అక్కడ నిలబడి పాడాల. ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదే."

తల కొట్టేసినట్టయింది. అసలు ఫైళ్లు విడిగా దాచలేదు. ఆమె దగ్గర వేరే కాపీ లేదు. మధురై స్టూడియోకి ఫోన్ చేస్తే అక్కడా లేవన్నారు. ఒక్కొక్క కిక్ వెతికి తీసేసరికి సాయంత్రమైంది. ఆమె గొంతు అలసిపోకుండా పెదవులతోనే పాటలు వల్లె వేసుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఒక్కరోజులో ఎనిమిది పాటలు. మొదటి పాటలో డ్రమ్ము ఊరుకున్న చోట ఆమె గొంతు దిగింది. నేను తప్పనుకున్న ప్రతి ఖాళీలో ఆమె ఉంది. హిప్‌హాప్ మాటలు గబగబా దొర్లించి, ఊపిరి తిప్పుకోకుండా సోల్ స్వరం పైకెత్తేది. ఏ పాటా రెండోసారి పాడించే అవసరం రాలేదు. ఎనిమిదోది ముగియగానే ఈసారి ఫైళ్లన్నీ రెండుచోట్ల దాచాను.

నెలన్నర తర్వాత మళ్లీ వచ్చింది. గొంతు మందమైంది. పై స్వరాలు అందడం లేదు.

"తొమ్మిదో పాట రాసినాను అన్నా, ఈ గొంతు కోసమని."

పాడింది. ఒకచోట స్వరం జారింది. జారిన స్వరాన్ని సరైన చోటికి లాగే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. నా చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. ఆగాను.

"దీన్ని ఏం చెయ్యాల?" అని అడిగాను.

"అట్లే ఉండనీ అన్నా. ఇప్పుడు నేను ఇట్లా దా."

దిద్దడం ఒక్కటే నా పని అనుకుంటూ పద్నాలుగేళ్లు గడిపాను. దిద్దే ముందు అడగాలని పద్మావతి దగ్గర నేర్చుకున్నాను. ఆ జారిన స్వరం ఆల్బంలో అలాగే ఉంది. అది వచ్చినప్పుడు ఈనాటికీ నేను ఊపిరి బిగబట్టి వింటాను.