తాళాలు తగిలించిన యుకులేలే

నేను చేసే వస్తువును చూసి "ఇది పిల్లల గిటారా?" అని అడిగేవాళ్ల మీద మొదట్లో నాకు కోపం వచ్చేది కాదు. యుకులేలే అంటే ఏమిటో తిరుపతిలో ఎంతమందికి తెలుసు? నాలుగు తీగలుంటాయనీ, చంకలో ఇమిడిపోయేంత చిన్న పెట్టె అనీ, గొంతు మెత్తగా ఉంటుందనీ ఓపిగ్గా చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా ఆ ఓపిక అరిగిపోయింది. మిగిలిన కాస్తా చిత్తూరులో మా వదిన గారింట్లో ఒక మధ్యాహ్నం అయిపోయింది.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒక ఏడాది ధ్వని పాఠం కోసం ఏదైనా వాయిద్యం కావాలంటే, స్టోరు రూములోంచి మెడ విరిగిన యుకులేలే ఒకటి తీసి ఇచ్చారు. పాఠం అయ్యాక దాన్ని ఇంటికి తెచ్చి, కాల్చిన కత్తితో వెనక పలకను ఊడదీశాను. లోపల మూడు సన్నటి బద్దలు, ఎండిపోయిన జిగురు తప్ప ఏమీ లేదు. ఇంతేనా, ఇది నేనూ చేయొచ్చు అనిపించింది. అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. అన్నేళ్లలో ఏ పనినీ అంత చేయాలనిపించి చేయలేదు.

మిద్దె మీద గదిలో మా ఆయన పేర్చుకున్న పాత పేపర్లన్నీ ఒక మూలకు నెట్టి బల్ల వేసుకున్నాను. వీణలకు పనస చెక్క వాడతారని విని, పగలగొట్టిన పాతింటి నుంచి పనస పలకలు తెచ్చి సన్నగా కోయించాను. పక్కలు వంచడానికి బద్దను తడిపి, వేడెక్కిన ఇనుప పైపు మీద మెల్లగా నొక్కాలి. ఏడు బద్దలు విరిగాయి, రెండు వేళ్లు కాలాయి. అతికించిన చోట పట్టు నిలవడానికి ఇంట్లో ఉన్న బట్టల క్లిప్పులన్నీ పైకెక్కాయి. మెడ మీద వేళ్లు నొక్కే మెట్లకు లెక్క ఉంది: ఒక్కో మెట్టు దగ్గర, మిగిలిన తీగ పొడవులో దాదాపు పద్దెనిమిదో వంతు తగ్గించుకుంటూ పోవాలి. ఆ లెక్క ఒక్కటే నాకు మొదటిసారే కుదిరింది. తీగల కోసం తడ దాకా పోయి చేపల గాలానికి కట్టే దారం కొన్నాను. అంగడాయన "ఏ చేపకమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక "పెద్దదానికే" అన్నాను.

మొదటి మూడూ పలకలేదు, నాలుగోది పలికింది. కానీ చూడ్డానికి ఉప్పు డబ్బాలా ఉంది. దానికొక గుడ్డ సంచీ కుట్టిద్దామని కలంకారీ గుడ్డ కోసం శ్రీకాళహస్తి వెళ్లాను. అక్కడ ఒక ఇంటి వసారాలో నాకంటే పదేళ్లు పెద్దావిడ వెదురు కలంతో గుడ్డ మీద గీస్తూ కూర్చుని ఉంది. చెక్క మీద కూడా వేస్తారా అని అడిగాను. సంచీ కొలతకని నేను తెచ్చుకున్న పలకను వాసన చూసి, "చెక్కయినా గుడ్డయినా కరక్కాయ పట్టాల పాపా. పడితే పలుకుతుంది" అంది.

మొదటి పలక మీద ఆమె కరక్కాయ నీళ్లు పూయగానే అది అప్పడంలా వంకర తిరిగిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమే ఉపాయం కనిపెట్టింది. రెండు వైపులా సమానంగా, పలచగా పూసి, బరువు కింద ఆరబెట్టింది. ఆ తర్వాత బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టిన రసంలో కలం ముంచి గీస్తే, గీత మొదట బూడిద రంగులో కనపడి, మన కళ్ల ముందే నల్లబడేది. సైన్సు టీచరుగా నాకు దాని కారణం తెలుసు. అయినా ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

అట్లా రెండేళ్లు ఆమె ప్రతి ఆదివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఆమె పలక మీద బొమ్మ వేసి ఇస్తే, నేను వారమంతా దాన్ని పెట్టెకు అతికించి, మెరుగు పెట్టి, తీగలు బిగించేదాన్ని. చివరగా తీగల కింది గుండ్రటి రంధ్రంలోంచి కనపడేట్టు లోపల నా పేరు రాసిన చిన్న కాగితం అంటించేదాన్ని. నాకు తెలిసినవాళ్లు కొందరు అడిగి తీసుకునేవాళ్లు.

మా వదిన, అంటే మా ఆయనకు అక్క, చిత్తూరులో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. వాళ్లది బెల్లం వ్యాపారం. వెండి గిన్నెలు, గోడ గడియారాలు వాళ్లకు ఎన్నో వస్తాయి. నేను చేసిందే ఇవ్వాలనుకున్నాను. మూడు నెలలు పట్టింది. శ్రీకాళహస్తి ఆమె నాలుగు ఆదివారాలు వంచిన నడుం ఎత్తకుండా ఒక మామిడి కొమ్మ, దాని మీద రెండు గోరింకలు వేసింది. అంతకుముందుగానీ తర్వాతగానీ అంత మంచి గొంతు నా చేతిలో పలకలేదు. గృహప్రవేశం నాడు అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. వదిన దాన్ని గుండెకు హత్తుకుని ఫొటో దిగింది.

ఆరు నెలల తర్వాత వదిన కోడలి సీమంతానికి వెళ్లాం. చెప్పులు విడిచి తల ఎత్తగానే వాకిలి పక్క గోడ మీద కనపడింది. తీగలు లేవు. మెడకు ఎర్ర రిబ్బను కట్టి, పెట్టె మీద ఆరు ఇత్తడి కొక్కేలు దించారు. కొక్కేలకు స్కూటరు తాళం, కారు తాళం, బెల్లం గోడౌను తాళాల గుత్తి. ఒక కొక్కెం సరిగ్గా గోరింక కంట్లో దిగింది.

"వదినా, ఏంది ఇది?" అన్నాను.

"ఏంది మే? ఓ, అదా! యాడ పెట్టినా తాళాలు కనపడవు గదా మా ఇంట్లో. ఇప్పుడు సూడు, వచ్చినోళ్లంతా ఎంత బాగుండాదో అంటా ఉండారు. నీ చెయ్యి మంచి చెయ్యి మే."

"తీగలేం చేసినారు?"

"తాళాలకు అడ్డం వస్తా ఉండె, పీకేసినాము. ఈడ ఎవురు వాయిస్తారు?"

ఆమె నవ్వుతోంది. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకుంటోంది. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండిపోయింది.

"వాయించకపోతే బీరువాలో పెట్టుండొచ్చు. నాకు తిరిగిచ్చుండొచ్చు. బొక్కలు పెట్టమని ఎవురు చెప్పినారు?"

"ఇచ్చినాక అది మాదే గదమ్మా? మా వస్తువు మేము యాడన్నా తగిలించుకుంటాము."

ఆ మాటలో తప్పు పట్టుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది. తాళాలు ఒక్కొక్కటే తీసి, సీమంతానికి పెట్టిన గాజుల పళ్లెంలో పడేశాను. గోడ నుంచి పెట్టెను దించి, అరుగు మీద కూర్చుని, కొక్కేలను వేళ్లతోనే తిప్పి ఊడదీయడం మొదలుపెట్టాను. వచ్చిన ఆడవాళ్లంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మా ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "వదిలెయ్. పదిమందిలో ఏంది ఈ పని?" అన్నాడు.

"పదిమంది కనపడేచోటనే గదా తగిలించినారు" అన్నాను, గొంతు తగ్గించకుండా.

ఆరో కొక్కెం ఊడేసరికి బొటనవేలు చీరుకుంది. వదిన లోపలికి వెళ్లి ఏడ్చింది. ఆ కోడలు పిల్ల పూలజడతో బెదురుగా నావైపు చూసింది. ఆ అమ్మాయి ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మిగతా దేనికీ సిగ్గు లేదు.

బస్సులో నేను పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, మా ఆయన వేరే సీట్లో కూర్చున్నాడు. చంద్రగిరి దాటాక వచ్చి పక్కన కూర్చుని, "ఒక చెక్క పెట్టె కోసరం మా అక్కను ఏడిపించినావు" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. చెక్క పెట్టె అట! రెండేళ్లుగా నేను పని చేస్తుంటే పక్క గదిలో పడుకున్న మనిషి అన్న మాట అది.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి, పొద్దున్నే శ్రీకాళహస్తి బస్సెక్కాను. ఈ అన్యాయం అర్థమయ్యే మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే అనుకున్నాను. ఆమె వసారాలో గుడ్డ పరుచుకుని ఉంది. నేను జరిగిందంతా, వదిన అన్న మాటలతో సహా, ఆయాసపడుతూ చెప్పాను. ఆమె పెట్టెను ఒళ్లో పెట్టుకుని కొక్కేలు దిగిన రంధ్రాల మీద వేలు రాసింది. గోరింక కన్ను దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత తీగలు లేని ఆ పెట్టెను వెలుతురుకు ఎత్తి లోపలికి చూసింది. ఆమె ఎప్పుడూ పలకను పలకగానే చూసింది. పెట్టె తయారయ్యేసరికి అది ఎవరో ఒకరి ఇంటికి వెళ్లిపోయేది.

"లోపల ఈ కాగితం ఏంది పాపా?"

"నా పేరక్కా. చేసినోళ్ల పేరు అట్ల అంటిస్తారు."

"నా పేరు యాడుండాది?"

ఆమె పెట్టెను నావైపు తిప్పి పట్టుకుంది.

"అన్నింట్లోనూ నీ పేరేనా?"

"చేసింది నేను గదక్కా..."

"మీ వదిన నీ చెయ్యి మంచి చెయ్యి అనింది అంటివే. యా చెయ్యిని సూసి అనింది? ఈ బొమ్మను సూసి. అప్పుడు నువ్వేం చెప్పినావు?"

గృహప్రవేశం నాడు ఎంతమంది మెచ్చుకున్నారో, అందరికీ నేను "నేనే చేసినాను" అని ఎన్నిసార్లు చెప్పానో గుర్తొచ్చింది. అది అబద్ధం కాదు. బొమ్మ ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"నేను ఇంత మంటలో నీ కాడికొస్తే నువ్వు పేరు కోసరం పట్టుకుంటావేందక్కా?" అన్నాను. "ప్రతి ఆదివారం నీకు ఇవ్వాల్సింది ఇచ్చినానా లేదా?"

"ఇచ్చినావు. లేదంటినా? మా అత్త కాలం నుంచి ఇంతే. గీసేది మేము, అంగట్లో బోర్డు ఇంకొకరిది. వాళ్లు యాపారం చేసుకునేటోళ్లు, సరే. నువ్వు టీచరమ్మవి. పక్కన కూసోని నా గీతను సూసినావు. నువ్వు గూడా ఇట్ల చేస్తావనుకోలేదు." ఆమె గొంతు పెంచలేదు. పెట్టెను నా ముందు పెట్టి, కలం చేతిలోకి తీసుకుంది. "ఇంక నేను రాను పాపా. బస్సుకు పో."

కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. దారి పొడవునా ఆమెతో మనసులో పోట్లాడాను. వేళ్లు కాలింది నాకు. మెట్ల లెక్క వేసింది నేను. ఆ మిద్దె మీద ఎండాకాలం చెమటలో కూర్చున్నది నేను. ఆ పోట్లాట వారాల తరబడి సాగింది. స్కూల్లో పిల్లల మీద అరిచాను. మా ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడాను. ఆమె లేకుండా నేనే బొమ్మ వేద్దామని కలం పట్టుకుంటే, నేను గీసిన చిలక కోడిపిల్లలా వచ్చింది. దాన్ని గరుకు కాగితంతో తుడిచేద్దామని రుద్దాను. ఆ నలుపు చెక్క లోపలికి దిగుతుంది, పోదు. రుద్దీ రుద్దీ పలకకే కంత పడింది. పలకను గోడకేసి కొట్టి, నేల మీద కూర్చుండిపోయాను. ఆమె అడిగినదాంట్లో ఒక్క మాట కూడా కాదనడానికి లేదని అప్పుడు ఒప్పుకున్నాను. నిజానికి వసారాలో కూర్చున్నప్పుడే నాకు తెలుసు. తెలిసే అరిచాను.

ఈలోగా వదిన ఫోను చేసింది. మెత్తబడిందేమోనని నేనూ మెత్తబడదామనుకుంటుండగా, "గోడ బోసిగా ఉండాది మే. ఇంకొకటి చెయ్యి. ఈసారి నువ్వే కొక్కేలు పెట్టి ఇచ్చేయ్, గొడవుండదు" అంది. వెక్కిరింత కాదు, మనస్ఫూర్తిగానే అంది. ఫోను పెట్టేశాను. ఆ ఇంటికి నేను మళ్లీ వెళ్లలేదు. పండక్కీ పబ్బానికీ మా ఆయన ఒక్కడే వెళ్లి వస్తాడు.

రెండు పేర్లూ పక్కపక్కన రాసిన కొత్త కాగితాలు పట్టుకుని మళ్లీ శ్రీకాళహస్తి వెళ్లాను. ఆమె వాటిని చదివి పక్కన పెట్టింది.

"పెట్టె లోపల ఎవురు సూస్తారు? నేను బయట రాస్తాను."

"బయట రాస్తే బాగుండదక్కా. బొమ్మ చెడిపోతుంది."

"బొమ్మ నాది. చెడితే నాది చెడుతుంది. నువ్వే పలకలు తీసుకోని ఈడికి రా. నేను రాను."

అట్లాగే తీసుకువెళ్లాను. మొదటి పలక మీద ఒక వెలగ కొమ్మ, దానికొక కాయ వేసి, కింద, తీగలు కట్టే చోటుకు కాస్త దిగువన, తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో గీసింది. కాయ కంటే పేరే పెద్దగా ఉంది. కావాలనే అంత పెద్దగా రాసిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. "ఇంత లావు అక్షరాలెందుకు?" అంటే, "నా కంటికి ఆనద్దా?" అంది. పళ్లు నూరుకుంటూ ఇంటికి తెచ్చి అతికించాను.

దాన్ని తీసుకోవడానికి నెల్లూరు నుంచి ఒకామె వచ్చింది. కుర్చీలో కూర్చుని నాలుగు తీగలూ మీటి, పెట్టెను దూరంగా పట్టుకుని కింది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ముఖం వెలిగిపోతుండగా నావైపు చూసి, ఆ పేరుకు 'గారూ' చేర్చి నన్ను పిలిచింది.

"ఆమె నేను కాదు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "బొమ్మ ఆమెది. పెట్టె నాది. ఆమె ఉండేది శ్రీకాళహస్తిలో."