కమానులో వేలిముద్ర

దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే మాట కాదిది. దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆయన పోయాక అదే ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నాను, ఒక్కనాడూ జడుసుకోలేదు.

ఆయన కడప పక్కన ఇళ్లు కట్టే బేల్దారి. నేను ఇటుకలూ, సిమెంటు కలిపిన మాలూ అందించేదాన్ని. కమాను కట్టాలంటే కింద తడి ఇసుక కుప్ప పోసి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆరినాక ఇసుక లాగేసేవాడు. నడిమి ఇటుక మీద పచ్చి మాలులో బొటనవేలు అద్దేవాడు. "కట్టినోడెవడో ఇంటికి తెలియాల కదే!" అని నవ్వేవాడు. ఆ వేలికి అడ్డంగా పాత గాటు ఉండేది.

తర్వాత కువైట్ వచ్చి, సల్వాలో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఆ ఇంటి పాప నూరాకు అప్పుడు పదేళ్లు. బడి కోసం బల్ల నిండా చిన్న మట్టి ఇటుకలు పేర్చి పాతకాలపు రోమువాళ్ల ఆటల కట్టడం చేస్తోంది. కోడిగుడ్డు ఆకారం, జనం కూర్చునే మెట్లు, చుట్టూ అంతస్తు మీద అంతస్తు కమానులు. నడుమ ఇసుకలో మనుషులు మృగాలతో, ఒకరితో ఒకరు పోరాడేవారట. నెత్తురు పీల్చుకోవడానికే ఆ ఇసుకట.

"ఇన్ని కమానులెందుకు పాపా?"

"ఆట ఖలాస్ అయితే అందరూ తొందరగా ఇంటికి పోవద్దా?"

"మరి సచ్చినోళ్లు?"

"వాళ్లకు వేరే గుమ్మం. ఇదిగో, ఈ పెద్దది."

శుక్రవారం పొద్దున నేల తుడుస్తూ, కర్ర తగిలించి నేనే దాన్ని ఒక పక్కంతా కూల్చాను. నూరా ఒకటే ఏడుపు. మామా అని మేం పిలిచే ఇంటి యజమానురాలు మండిపడింది. "ఆదివారం బడి వేళకు ఇది నిలబడకపోతే నిన్ను మక్తబ్‌కు తిప్పి పంపిస్తా!" మక్తబ్ అంటే మమ్మల్ని పనికి కుదిర్చే ఆఫీసు. అక్కడికి తిరిగి పోతే ఇక మా ఊరికి పోవడమే.

ఊరి బయట కబ్ద్‌లోని వాళ్ల తోట నుంచి తెచ్చిన ఇసుక ఇంట్లో ఉంటే తడిపి, మా ఆయన పద్ధతిలోనే కట్టాను. అన్నీ నిలిచాయి. చచ్చినవాళ్ల గుమ్మం ఒక్కటే మూడుసార్లు కూలింది. నాలుగోసారి ఇసుక పోసి, నడిమి ఇటుక చేతిలో పట్టుకుని, "నువ్వుంటే నాకీ తిప్పలుండునా అయ్యా?" అని విసుక్కుని, దాన్ని బల్ల మీద పెట్టేశాను.

అప్పటికి ఇంట్లోవాళ్లందరూ పాప అవ్వ ఇంటికి భోజనానికి పోయారు. డ్రైవరూ వాళ్లతోనే. నేను మిద్దె మీద బట్టలు ఆరేసి దిగి వచ్చాను.

గుమ్మం నిలబడి ఉంది. కింద ఇసుక తీసేసి ఉంది. నడిమి ఇటుక మీద పచ్చిమట్టిలో బొటనవేలి ముద్ర, దానికి అడ్డంగా గాటు.

నా వేలు పెట్టి చూశాను, చిన్నది. సాయంత్రం నూరా వేలు, డ్రైవరు వేలు కూడా పెట్టించాను. కుదరలేదు.

"మరి ఎవరిది?" అంది నూరా.

"కట్టినోనిది," అన్నాను.

నన్ను ఎక్కడికీ పంపలేదు. నూరా ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఆ బొమ్మ ఆమె గదిలోనే ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా ఆ ముద్రలో నా వేలు పెడతాను. చుట్టూ కొంచెం ఖాళీ మిగులుతుంది. అది ఎట్లా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను.

మీ ఇంటి గుమ్మాలు గట్టిగా నిలవాలి, వాటిలోంచి మీవాళ్లు నవ్వుతూ లోపలికి రావాలి. చల్లగా ఉండండి.