‘ఆట’ అని రాసిన టీచరమ్మ

మా ఊరి బడి టీచరమ్మ పోయారు. బుధవారం పొద్దున కృష్ణగిరి బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. గుండెపోటు, ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట. నా మొహం చూసి పక్కసీటాయన ‘మీకు బంధువా’ అని తమిళంలో అడిగాడు. కాదని తల ఊపాను. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. నా కూతురు చదువుకుంటోంది. నేను ఆమెతో పోట్లాడాను, అంతే.

ఆ పోట్లాట గురించే రాస్తాను. మంచిమాటలు రాసేవాళ్ళు వేరే ఉంటారు.

మాది తమిళనాడులో, కుందారపల్లికి దగ్గర. బడిలో అయిదో తరగతి దాకా తెలుగు మీడియం. పిల్లలంతా ఒకే గదిలో పక్కపక్కన కూర్చుంటారు. వాళ్ళ అమ్మానాన్నలతోనే వస్తుంది చిక్కు. మీటింగు పెడితే ఊరివాళ్ళు బెంచీలమీద, కాలనీవాళ్ళు వాకిట్లో. ఇదేం కులపిచ్చి, మీరు ఒక్క మాటయినా అనరేమని నేను ప్రతిసారీ టీచరమ్మను నిలదీసేవాణ్ణి. ఆమె అంతా విని, జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుని, “సరేప్పా, ఆ బెంచీ ఆ పక్క పట్టుకో, లోపల పెడదాం” అనేవారు. వాదనకు దిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించడం ఆమె అలవాటు. నేను అరుస్తూనే బెంచీలు మోసేవాణ్ణి.

పోయిన ఎండాకాలానికి ముందు బడి గోడమీద ఒక నోటీసు కనిపించింది: ‘శనివారం సాయంత్రం బడిలో ఆట. ఇంటిల్లిపాదీ రావాలి.’ పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకోవాలని ఆమె ఉద్దేశం. మా పక్క పెద్దవాళ్ళకు మాత్రం ఆట అంటే వీధినాటకం. నాలుగున్నరకే చాపలు చంకన పెట్టుకుని, వక్కాకు సంచులతో దిగారు జనం. ముందు వరసలో ఊరివాళ్ళు చాపలు పరిచారు. వెనక గోడవారగా కాలనీవాళ్ళు.

“యాడమ్మా వేషగాళ్ళు? ఇంకా రంగు పూసుకోలేదా?” అన్నాడొక తాత.

“వేషగాళ్ళు మీరే తాతా. ఆ చాపలు చుట్టేయండి, గళ్ళు కనపడలే,” అన్నారు టీచరమ్మ.

గది నేలంతా ఆమె పొద్దుటినుంచీ సుద్దముక్కతో చౌకాబారా పటాలు గీసిపెట్టారు. మీలో చాలామంది దాన్ని అష్టాచెమ్మా అంటారు. చాపలు ఆ పటాలను కప్పేశాయి. గొణుక్కుంటూనే చుట్టారు. చాపలు లేచేసరికి ముందు వరస లేదు, వెనక వరస లేదు. ఒక్కో పటానికి నాలుగు పక్కలా నాలుగు ఇళ్ళవాళ్ళు. ఎవరెక్కడ కూర్చోవాలో పిల్లలు చీటీలు తీశారు.

ఒక పటం దగ్గర టమాటా తోట ఆసామి, అదే తోటలో కూలికి పోయే కాలనీ తల్లి ఎదురెదురుగా పడ్డారు. ఆ తల్లి చింతపిక్కలు వేసింది. నాలుగు పడింది. సరిగ్గా నాలుగో గడిలో ఆసామి కాయ. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఎట్ల చంపేదమ్మా? సామి కాయ కదా!”

“ఒక్క కాయనన్నా చంపనిదే లోపలి గళ్ళకు పోయేదానికి లేదమ్మా. ఆట అట్ల,” అన్నారు టీచరమ్మ.

ఆసామి నవ్వాడు. “చంపమ్మా, చంపు. సోమారం కలుపుకు పిలిస్తే కదా నువ్వొచ్చేది!”

అందరూ నవ్వారు, ఆ తల్లి తప్ప. ఆ కూలి తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదని గదిలో అందరికీ తెలుసు. కూతురు కొంగు గుంజుతోంది, “చంపుమ్మా, చంపు” అని. ఆసామిని అక్కడే కడిగేద్దామని నేను లేచాను. టీచరమ్మ నావైపు చూడకుండానే నా చేతిలో చింతపిక్కల డబ్బా పెట్టారు. “ఆ మూల పటానికి ఇచ్చిరాప్పా.”

తిరిగొచ్చేసరికి ఆసామి కాయ పటం బయట ఉంది. తీసింది ఆ తల్లా, కూతురా, ఆసామే తీసిపెట్టాడా? నేను చూడలేదు.

సోమవారం ఆసామి కలుపుకు పిలిచాడు. తోటలో ఆమె టీ గ్లాసు మాత్రం ఎప్పటిలాగే వేరు. నేను మండిపడి ఒక చిన్న పత్రికలో రాశాను, కులం అన్న మాటే నోట పలకని ఆటలు కులాన్నేం చేస్తాయి అని. టీచరమ్మ ఆ పేజీలో రెండు అక్షరదోషాలకు ఎర్రసిరాతో సున్నా చుట్టి, నా కూతురి పుస్తకంలో పెట్టి పంపారు.

తరువాత ఒకసారి అడిగాను. “చాపలతో వస్తారని తెలిసే ‘ఆట’ అని ఒక్క మాట రాసినారా?”

“ఎక్కువ రాస్తే ఎవురు చదువుతారప్పా?” అన్నారు.

ఇదీ ఒక జవాబేనా?

నేను రాసింది తప్పని ఇప్పటికీ అనను. ఆ గ్లాసు వేరుగా ఉన్నంతకాలం అనను. కానీ కులం పోవాలని సభల్లో ఇరవై ఏళ్ళు మైకు పట్టుకుని అరిచిన నేను ఏ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టలేకపోయాను. ఆమె ఒక్క సాయంత్రం కూర్చోబెట్టారు, కావాలనో, పొరపాటునో. తేల్చి చెప్పవలసిన మనిషి వెళ్ళిపోయారు. కోపం వస్తోంది. ఎవరిమీదో తెలియడం లేదు.

బుధవారం సాయంత్రమే ఆమె ఇంటికి పోయాను. షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎదురింటి తిన్నెమీద ఆసామి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కాలనీ తల్లి లోపలికి పోయి, దండ వేసి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడింది. ఆసామి ఆమెను చూసి కొంచెం జరిగాడు. చోటిచ్చాడో, దూరం జరిగాడో నాకు తెలియలేదు. ఆ తల్లి ఆ ఖాళీని ఒక క్షణం చూసింది. పోయి కూర్చుంది.