కండక్టరమ్మ పాత పేజీలు

ఆమెకు చెవులపిల్లి అని పేరు పెట్టింది పిన్ని. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. అయినా వీధి మలుపులో బస్సు తిరుగుతుంటే ఇంట్లో కూర్చునే, "ఇది పిన్ని బండి కాదు, దీని బ్రేకు కీచుమంటోంది" అని తేల్చి చెప్పేది. "అక్కా, దీని చెవులు సామాన్యమైనవి కావే, ఇది చెవులపిల్లే!" అంది పిన్ని. అంతే, బడిలో రాయించిన పేరు బడికే పరిమితమైపోయింది.

పిన్ని సిటీ బస్సులో కండక్టరు. బడికి సెలవులిస్తే తల్లి తన పనికి వెళ్తూ పిల్లను చెల్లెలికి అప్పగించేది. పిన్ని దాన్ని వెంటేసుకుని పొద్దుగూకేదాకా ఊరంతా తిప్పేది. ఆవిడ స్టాపుల పేర్లు ఊరికే అరిచే రకం కాదు. "మార్కెట్టు, మార్కెట్టు! మొగుళ్లను మరిచిపోయినా పర్లేదు, సంచులు మరిచిపోకండి!" అనేది. "పెద్దాసుపత్రి! నెమ్మదిగా దిగండి, కాలు విరిగితే ఇక్కడే చేర్చేస్తారు!" అనేది. బస్సంతా గొల్లుమనేది. జనం పలచబడితే పిల్ల పక్కకు వంగి, "ఇప్పుడు పొడుగు గోడ ఒకటి వచ్చింది. దాని నీడలో ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఈగ ఒకటి లోపలికి పోదామా వద్దా అని ఆలోచిస్తోంది" అని చెప్పేది. అలా ఆ ఊరంతా చెవులపిల్లికి పిన్ని గొంతులోనే తెలుసు.

పెద్దయ్యాక ఆమెకు ఆ పెద్దాసుపత్రిలోనే ఉద్యోగం దొరికింది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, రిపోర్టులుగా టైపు చేయడం పని. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడరు ఆమె కంప్యూటర్లో ఉంది. దాని గొంతు సమంగా ఉంటుంది. కోపం లేదు, నవ్వు లేదు, తొందర లేదు. పదాన్ని పదంలా పలికి ఊరుకుంటుంది.

పిన్ని రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. "ఇన్నేళ్లు ఊరందరి మీదా అరిచిన గొంతు ఇది. ఇప్పుడు మీ బాబాయి ఒక్కడి మీద అరిస్తే ఏం సరిపోతుంది?" అనేది. బాబాయి ప్లంబరు. మాట పొదుపు మనిషి. ఆయన మాట్లాడేది కారే కుళాయిలతో మాత్రమేనని పిన్ని ఎగతాళి.

"నేను చెప్తాను, నువ్వు రాయవే చెవులపిల్లీ. నా బస్సు కథ రాస్తే పుస్తకం అవుతుంది" అంది ఒక ఆదివారం.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం చెవులపిల్లి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లేది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి పిన్నికి. పిన్ని చెప్పేకొద్దీ వేళ్లు పరుగెత్తేవి. ఇద్దరూ తెరిచి రాసుకునేలా ఆ ఫైలును ఆన్‌లైన్లో పెట్టింది. పిన్ని మధ్యాహ్నాలు తన టాబ్లెట్లో తెరిచి, వేలితో పొడిచి పొడిచి తప్పులు దిద్దేది. అందులో తన పేరును 'కండక్టరమ్మ' అని పెట్టించుకుంది.

మొదట్లో ఆవిడకు ఒకటే బెంగ. "రాసిందంతా దాచావా? కరెంటు పోతే?"

"నేను దాచక్కర్లేదు పిన్నీ. అక్షరం కొట్టగానే అదే సేవ్ చేసుకుంటుంది."

"అడక్కుండానే? అయితే అడిగినా చెయ్యని మీ బాబాయికి కాస్త నేర్పమను."

"వినపడింది" అన్నాడు బాబాయి వంటింట్లోంచి.

పిన్నికి జబ్బు చేసిన సంగతి మొదట బయటపెట్టింది స్టాపుల పేర్లే. "మార్కెట్టు దాటాక... అదేనే, తెల్లకోట్ల వాళ్లుంటారే..." అని ఆగింది. ఇద్దరూ నవ్వేశారు. తర్వాత పొయ్యి మీద పాలు మరిచింది. ఇంటి తాళం బియ్యం డబ్బాలో దొరికింది. మతిమరుపు జబ్బని, మందులతో కాస్త నెమ్మదిస్తుంది గానీ వెనక్కి మళ్లదని డాక్టరు చెప్పాడు. అలాంటి మాటలు ఎందరి గురించో టైపు చేసిన చేతులే. అయినా ఆ రోజు చెవులపిల్లి వాటిని ముందెన్నడూ విననట్టే విన్నది.

ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెరిచి, "చెప్పు పిన్నీ" అంది.

"ఏం చెప్పాలి?" అంది పిన్ని.

హాస్యమేమోనని కాసేపు ఎదురుచూసింది. కాదు. మెల్లగా మూత వేసేసింది. ఆ తర్వాత కూడా ఆదివారాలు వెళ్లడం మానలేదు గానీ ల్యాప్‌టాప్ సంచీలోంచి బయటకు రాలేదు.

రోజంతా హెడ్‌ఫోన్లలో ఎందరో డాక్టర్ల గొంతులు వింటుండేది. వాటన్నిటి మధ్య చెవి ఆ ఒక్క గొంతును వెతుక్కునేది. ఇంటికి వెళ్లే బస్సులో ఇప్పుడు స్టాపుల పేర్లు రికార్డు చేసిన ఆడగొంతు చెప్తోంది. స్పష్టంగా చెప్తుంది, తప్పు చెప్పదు. మార్కెట్టు వచ్చినప్పుడల్లా చెవులపిల్లి సంచుల మాట కోసం చెవి పెట్టేది. బస్సులో ఎవరూ నవ్వరు. పిన్ని కూర్చుని ఉంది, అన్నం తింటోంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. మనిషి ఎదురుగా ఉండగానే మనిషి మీద ఇంత బెంగ పడొచ్చని ఆమెకు తెలియదు.

ఒకసారి బాబాయే ఫోన్ చేశాడు. "అమ్మా, మీ పిన్ని నాతో అసలు మాట్లాడట్లేదు. నువ్వు రాసినవి చదివి వినిపిస్తే ఏమన్నా... ఏమో, నాకు తోచింది చెప్పాను."

బాబాయి నోట అంత పొడుగు మాట రావడమే అరుదు. మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం తన గదిలో కూర్చుని ఫైలు తెరిచింది.

స్క్రీన్ రీడరు చదివింది: "రైట్ రైట్ రైట్ రైట్."

కింది బాణం నొక్కింది. "ఖాళీ" అంది. పైకి వెళ్లింది. మళ్లీ రైట్ రైట్. చివరికి పోయింది. ఖాళీ. అన్ని ఆదివారాల కథ పోయి, బండి కదలమని కండక్టరు అరిచే నాలుగు రైట్‌లు మిగిలాయి. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చేసిన పని వెనక్కి తీసుకునే మీట నొక్కింది. ఈ పూటే తెరిచిన ఫైలు కాబట్టి, వెనక్కి తీసుకోవడానికి అక్కడేమీ లేదు.

బాబాయికి ఫోన్ చేసింది.

"మొన్న టాబ్లెట్ పట్టుకుని కూర్చుందమ్మా. ముఖం కాస్త కళగా ఉంది కదాని నేనూ పలకరించలేదు. ఏదో నొక్కుతూనే ఉంది. ఏం, ఏమైనా పాడైందా?"

"ఏం లేదు బాబాయ్" అంది. మొత్తం పేజీలన్నీ ఒక్క తాకుడుకు ఎంపికై ఉంటాయి. మీద ఏ అక్షరం పడ్డా చాలు, కిందవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సేవ్ చేసే పని దాని పాటికి అది చేసేసింది. ఎవరేం రాసినా, ఎవరేం చెరిపినా మారుమాట్లాడకుండా దాచేసే నౌకరు అది. అంత నమ్మకంగా పనిచేసినందుకు దాన్ని తిట్టాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆమెకు స్క్రీన్ రీడరు నేర్పిన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకూ చూపు లేదు. కంగారనే మాట ఆయన నిఘంటువులోనే లేదు. ఫోన్ ఎత్తి, ఆమె ఏడుపు గొంతుతో చెప్పిందంతా విని, "టీ తాగావా?" అన్నారు.

"మాస్టారూ!"

"సరే, తర్వాత తాగుదువులే. సేవ్ అయిన ప్రతిసారీ పాతది చెత్తబుట్టలో పడిపోదమ్మా. కింద పొరలా ఉంటుంది. దాన్నే వెర్షన్ హిస్టరీ అంటారు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని హెచ్ నొక్కు."

నొక్కింది. స్క్రీన్ రీడరు ఏదో అని ఆగిపోయింది. "మాస్టారూ, మూగబోయింది."

"మూగబోలేదు, పక్కన ఇంకో అర తెరుచుకుంది. ట్యాబ్ కొడుతూ అందులోకి వెళ్లు. జాబితా తగలగానే కింది బాణం."

తగిలింది. బాణం నొక్కిన కొద్దీ ఆ సమమైన గొంతు తేదీ, వేళ, రాసినవారి పేరు చెప్పుకుంటూ పోయింది. మొన్నటి తేదీ, కండక్టరమ్మ. దాని కింద చాలా వారాలు ఏమీ లేదు. ఇంకా కింద ఒక ఆదివారం, తన పేరు. ఒక మంగళవారం, కండక్టరమ్మ. బుధవారం, కండక్టరమ్మ. మళ్లీ ఆదివారం. కిందికి, అంటే పాత రోజుల్లోకి వెళ్లేకొద్దీ కండక్టరమ్మ పేరు దట్టంగా రాసాగింది. వారమంతా ఆవిడే. దిద్దింది, చేర్చింది, తీసింది, మళ్లీ పెట్టింది. చెవులపిల్లి వేలు ఆపుకోలేకపోయింది. కావలసింది పైనే దాటిపోయిందని తెలిసి కూడా ఆ పేరు వినడం కోసమే కిందికి వెళ్తూ ఉంది.

"దొరికిందా?" అన్నారు మాస్టారు.

"దొరికింది... ఒక్క నిమిషం."

ఆయన అర్థం చేసుకున్నట్టున్నారు. అవతల గ్లాసు పెట్టిన చప్పుడైంది.

తర్వాత ఆయన చెప్పినట్టే పైకి వచ్చి, తాను చివరిసారి రాసిన ఆదివారం మీద ఎంటర్ నొక్కింది. జాబితా పలుకుతోంది గానీ పేజీ పలకడం లేదు. ట్యాబులు కొట్టుకుంటూ పేజీ ఉన్న వైపుకు చేరేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. చేరాక ఒక్కసారిగా, "మా డిపోలో నన్ను చూసి భయపడని డ్రైవరు ఒక్కడే, వాడికి చెవుడు" అని మొదలైంది. పిన్ని మొదటి వాక్యం. స్క్రీన్ రీడరు దాన్ని జ్వరం కొలిచి చెప్పినట్టు చదివింది. అయినా చెవులపిల్లికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"ఇప్పుడు దీన్ని తెచ్చి పెట్టమనే బటన్ ఉంటుంది, నొక్కెయ్" అన్నారు మాస్టారు.

"నొక్కితే ఆ చివరిది పోతుందా?"

"ఏది, నాలుగు రైట్‌లదా? దాన్నేం చేసుకుంటావు?"

చెవులపిల్లి తడబడింది. "ఆవిడ తనంతట తాను రాసిన చివరి మాటలు మాస్టారూ."

"పోదు" అన్నారాయన నెమ్మదిగా. "అదీ జాబితాలోనే ఉంటుంది. వెళ్లి దానికో పేరు పెట్టుకో. పేరు పెట్టినదాన్ని వెతుక్కోవడం తేలిక."

ఆ నాలుగు రైట్‌ల వెర్షన్ దగ్గర మెనూ తెరిచి పేరు పెట్టే చోట కాసేపు వేళ్లు ఆడించి, 'పిన్ని డ్యూటీ ఎక్కింది' అని కొట్టింది. తర్వాత పాతదాన్ని వెనక్కి తెచ్చింది. పేజీలన్నీ వచ్చి కూర్చున్నాయి.

ఆదివారం వెళ్లేసరికి పిన్ని వరండాలో ఉంది. పక్కన కూర్చుని స్పీకరు పెట్టింది. నాలుగు మాటలు వినగానే పిన్ని, "ఎవరది? ముక్కుతో మాట్లాడుతోంది" అని విసుక్కుంది. స్పీకరు తీసేసి ఇయర్‌ఫోను పెట్టుకుంది చెవులపిల్లి. చెవిలో వినిపించిన వాక్యాన్ని తన నోటితో పిన్ని యాసలో, పిన్ని సాగదీసే చోటల్లా సాగదీస్తూ చెప్పసాగింది. తొలి వాక్యాలకు బెరుకుగా ఉంది. తర్వాత గొంతు దానంతట అదే దారి పట్టింది.

నిలువెత్తు అద్దంతో బస్సెక్కిన మనిషి కథ వచ్చింది. "అద్దానికి టికెట్ తీసుకోమంటే వాడు, 'అద్దం ఒక్కటే కదా' అన్నాడు. 'ఒక్కటెలా అవుతుంది? బస్సులో వాళ్లంతా అందులో ఉన్నారు, అందరికీ కొట్టాలి!' అన్నాను. ఆడవాళ్లంతా జడలు సవరించుకున్నారు. మగవాళ్లు చూడనట్టు చూసుకున్నారు..."

పక్కన కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. వంటింట్లో బాబాయి గిన్నెలు కడగడం ఆపేశాడు.

"ఆ కండక్టరు గడుసుదేనే" అంది పిన్ని. "ఎవరమ్మా ఆవిడ?"

చెవిలో వాక్యం నడుస్తోంది. చెవులపిల్లి మీట నొక్కి దాన్ని ఆపింది. "మా పిన్ని."

"ఇప్పుడెక్కడుంది?"

నువ్వే కదా అని నోటిదాకా వచ్చింది. ఆ నవ్వును చెదరగొట్టడానికి మనసొప్పలేదు. "డ్యూటీలో ఉంది" అంది.

"ఊఁ. తర్వాత? అద్దం ఏమైంది?"

మళ్లీ చదివింది. "రెండు స్టాపులు దాటాయో లేదో వాడు అద్దాన్ని నాకు అప్పగించి, గబుక్కున దూకేసి వెనక్కి పరుగెత్తాడు. ఎందుకంటే..."

"ఖాళీ" అంది చెవిలో గొంతు. అక్కడితో అయిపోయింది. చివరిగా రాసిన ఆ ఆదివారం పిన్ని అక్కడే ఆపేసి, ఊరించడానికి మిగతాది తర్వాత చెప్తానంది. చెవులపిల్లి కూడా సరేలెమ్మని మూత వేసుకుని బస్సెక్కేసింది.

"ఎందుకు పరుగెత్తాడు?" పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుని కుదిపింది.

"తెలీదు. చెప్పలేదు పిన్నీ."

"నువ్వు అడగాల్సింది."

"అవును" అంది చెవులపిల్లి. "అడగాల్సింది."

పిన్ని మోచెయ్యి వదల్లేదు. వీధిలో బస్సు ఒకటి గేరు మారుస్తూ మలుపు తిరిగింది. ఇద్దరూ అటువైపే చెవులు పెట్టి విన్నారు. "పోనీలే, ముందు నుంచి చదువు" అంది పిన్ని. చెవులపిల్లి పేజీ మొదటికి వెళ్లింది.