ల్యాబు గది దాటని వెబ్‌సైటు

నాగశివ ఇప్పుడు రేపల్లె బస్టాండు ఎదుట జిరాక్సు మిషను దగ్గర నిలబడి పాసుపుస్తకాలకు కాపీలు తీస్తున్నాడు. 2004లో బాపట్ల దగ్గర నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీకి వెబ్‌సైటు చేసింది ఇతనే. కాలేజీ పేరు రాయను. రాస్తే చెయ్యి కడుక్కోవాలి.

అడవులదీవిలో వాళ్ళ నాన్న ముత్తయ్య చేపల వేటకెళ్ళేవాడు. శివ డిప్లొమా చేసి మా ల్యాబులో అసిస్టెంటయ్యాడు. అప్పటికి నాలుగేళ్ళుగా టెంపరరీయే. "తనిఖీ కమిటీకి సైటు చూపించు, పర్మనెంటు చేస్తా" అన్నాడు ప్రిన్సిపాల్ పూర్ణచంద్రరావు. సైటు పెట్టడానికి ఇంటర్నెట్లో చోటు మాత్రం కొనడట. గెస్ట్‌హౌస్‌కి ఏసీ కొన్నాడు.

శివ నెల రోజులు నోట్‌ప్యాడ్‌లో పేజీలు రాశాడు. మూలనున్న కంప్యూటర్లో సర్వర్ సాఫ్ట్‌వేర్ వేశాడు. ల్యాబులో ఏ కంప్యూటర్లో కాలేజీ సైటు అడ్రసు కొట్టినా ఆ మూల నుంచే పేజీలు వచ్చేలా అమర్చాడు. పని సరిచూసుకోవడానికి సైట్లు చేసేవాళ్ళంతా అలాగే చేస్తారు, అందులో తప్పేం లేదు. దాన్నే ఇంటర్నెట్ అని చూపించడమే కంపు.

కమిటీ వచ్చింది. పీతల వేపుడు తిన్న చేతులు వాసన చూసుకుంటూ ల్యాబులోకి వచ్చింది. వాళ్ళలో పెద్దాయన అడ్రసు కొట్టాడు, సైటు టక్కున తెరుచుకుంది. ప్రిన్సిపాల్ పళ్ళన్నీ బయటపెట్టాడు.

"భలే స్పీడయ్యా! గుంటూర్లో మా మనవరాలికి చూపిస్తా. అక్కడా వస్తుందిగా బాబూ?" అన్నాడు పెద్దాయన.

శివ ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఆయన తల ఊపమన్నట్టు కళ్ళెగరేశాడు.

"రాదండి. ఈ గదిలోనే వస్తుందండి."

పెద్దాయన నవ్వాడు. "పోనీలే, ఇక్కడ వస్తోందిగా" అని సంతకం గీకేశాడు. "సూర్యలంక బీచికి కారు రెడీయేనా?"

కారు వెళ్ళాక ప్రిన్సిపాల్ విరుచుకుపడ్డాడు. "నిన్నెవడడిగాడ్రా నిజం?"

"ఆయనే అడిగారండి. సంతకం పెట్టారు కదండి."

"పెట్టింది నీ నోటి వల్ల కాదు. రేపట్నుంచి రాకు. అదెలా నడపాలో రాసిచ్చి మరీ పో. ఏప్రిల్లో ఇంకో కమిటీ ఉంది."

శివ కూర్చుని రాశాడు! గుండ్రటి అక్షరాలతో మూడు పేజీలు. ముందు ఏం ఆన్ చేయాలో, తెరుచుకోకపోతే ఏం చూడాలో అన్నీ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నా, ఒక్క లైను తప్పు రాయి. చచ్చినట్టు నీ కాళ్ళ దగ్గరికొస్తారు."

"పేజీలు చేసింది నేను కదరా తమ్ముడూ. తెరుచుకోకపోతే సిగ్గు నాకే."

ప్రిన్సిపాల్ మీద వేసిన అసహ్యం ఆ క్షణంలో శివ మీదా వేసింది. ప్రిన్సిపాల్ గదిలోకి మళ్ళీ వెళ్ళలేనన్నాడు, కాగితాలు నా చేతిలో పెట్టాడు. మోసుకెళ్ళి ఇచ్చిన వెధవను నేనే.

ప్రిన్సిపాల్ వాటిని చదవకుండానే డ్రాయర్లో పడేశాడు. "నీ అటెండెన్సు ఎంతరా?" అన్నాడు, పరీక్ష రాయనివ్వనన్నట్టు.

చెప్పకుండా బయటికొచ్చేశాను. ఇంటికి తెనాలి బస్సెక్కాను. మళ్ళీ ఆ కాలేజీ గడప తొక్కలేదు.