‘బాగున్నాను’ బటన్

మావయ్య పోయాడని మొన్న పొద్దున తాడేపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ముందు రోజే మాట్లాడాను. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాడు. ఆ మాట నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే.

మావయ్య పత్తి చేలకు మందు కొట్టే చిన్న విమానం నడిపేవాడు. పచ్చపురుగు విరుచుకుపడిన ఏడాది, అద్దంకి దగ్గర ఇంజను ఆగిపోయి చేలో దిగాడు. వానకు నానిన నల్లరేగడిలో చక్రాలు దిగబడి విమానం తిరగబడింది. కాలు ఇరుక్కుపోయి, బెల్టుకు తలకిందులుగా వేలాడుతున్నాడు. పక్క చేలో కూలీలు వచ్చారు. మందు ఘాటుకు దగ్గరికి రాలేక, బాగున్నారా అని దూరం నుంచే కేకేశారు. ఈయన మర్యాదస్తుడు కదా, అలవాటుగా “బాగున్నానండీ” అన్నాడు. మనిషి క్షేమమేనని వాళ్ళు తాపీగా ఊళ్ళోకి కబురు చెప్పడానికి వెళ్ళిపోయారు. పొద్దు వాలేదాకా ఎవరూ రాలేదు.

ఈ కథ చెప్పి మమ్మల్ని ఎంత నవ్వించేవాడో! ఒక్కసారి మాత్రం నవ్వకుండా చెప్పాడు. తను అక్కడున్నానని తెలిసి కూడా ఎవరూ రారేమోనన్న భయమే చావు భయం కన్నా ఎక్కువైందట.

నేనూ ఆ దారే పట్టి, నల్లమల మీద సర్వే విమానం నడుపుతున్నాను. అడవిలో సెల్‌ఫోన్ పలకదు. మన జాడను ఉపగ్రహం ద్వారా తెలిపే పరికరాలు రెండు ఇచ్చి, ఒకటి ఎంచుకోమంది మా కంపెనీ. చిన్నదానికి బటన్ ఉంది, నొక్కితే ‘బాగున్నాను’ అని ఇంటికి కబురు వెళ్తుంది. పెద్దది మనం నొక్కినా నొక్కకపోయినా ఎక్కడున్నామో దారి పొడవునా చెబుతూనే ఉంటుంది. జేబులో పడుతుందని నాకు చిన్నదే నచ్చింది.

మావయ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అత్తయ్య చీరతో చేతులు కట్టేసి, నొక్కమన్నాడు. ఎంత గింజుకున్నా చెయ్యి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“చేతులాడినా మనవాళ్ళు బాగున్నాననే నొక్కుతారే అమ్మాయ్. నువ్వు చెప్పకపోయినా చెప్పేది తీసుకో” అన్నాడు.

పెద్దదే తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ అడవి మీద ధైర్యంగా తిరిగానంటే ఆయన చలవే.

తర్వాత పక్షవాతం ఆయన్ను మంచానికి కట్టేసింది. జిల్లా అంతా పైనుంచి చూసిన మనిషికి కిటికీలో కనిపించేంత ఆకాశమే మిగిలింది. అబద్ధమని తెలిసినా నేను ఎలా ఉన్నావనే అడిగేదాన్ని, ఆయన బాగున్నాననే అనేవాడు. ఇంకేం అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నిన్న ఆ మంచం దగ్గర కూర్చున్నాను. అవసరమైతే పిలుస్తాడని, మంచం పట్టిన కొత్తలోనే కదిలే ఎడమచేతికి అందేలా అత్తయ్య కాలింగ్ బెల్ స్విచ్ కట్టించింది. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడలేదు.