సాన్పి చల్లని సగం వాకిలి

మా చిన్నప్పుడు... ఇంట్లో నాకు పెట్టిన పేరు పనిదొంగ. పొద్దున్నే వాకిట్లో సాన్పి, అదే పేడనీళ్లు, చల్లమంటే తప్పించుకుంటానని. నడుము వంచడం ఇష్టం లేకే అని అందరి తీర్మానం. ఎందుకు చల్లవని ఒక్కరూ అడగలేదు.

చర్ల రోడ్డు పక్కన మా ఇల్లు. నాన్నకు ఉద్యోగం వచ్చాక మట్టి వాకిట్లో షాబాదు బండలు పరిపించాడు... సిమెంటు పెట్టకుండా, సందుల్లో ఇసుక పోసి. బండలు వచ్చినా నాయనమ్మ సాన్పి మానలేదు. పేడనీళ్లు పడని వాకిలి ఆమె కంటికి బోడిగా కనిపించేది.

వాన పడితే చాలు, సందులన్నీ పచ్చగా లేచేవి. గరిక, తుంగ, పేరు తెలియని గడ్డి ఇంకెంతో... ఆదివారం వస్తే విరిగిన కొడవలి ముక్కతో గీకి పీకే పని నాది. పైన తెగేది, వేరు లోపలే ఉండిపోయేది. అన్నయ్యేమో బ్యాటు పట్టుకుని గేటు దాటిపోయేవాడు.

ఒకసారి మా బర్రె కొట్టం వెనక, వానకు నానిన పేడకడిలోంచి సన్నటి మొలకలు లేవడం చూశాను. అచ్చం మా బండల సందుల్లో గడ్డే...

పోయి నాయనమ్మకు చెప్పాను.

"సాన్పిల లచ్చిమి ఉంటదే," అంది.

"లచ్చిమి ఉంటదేమో గని, గడ్డి ఇత్తులు గూడ ఉంటయ్ నాయనమ్మా. బర్రె తిన్నయన్నీ అరగవు."

"సూడుండ్రి... పని తప్పిచ్చుకోనీకి బర్రె మీదికి తోస్తంది."

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ఒళ్లు మండింది. పందెం వేశాను.

వాకిట్లో గడ్డంతా ముందు శుభ్రంగా పీకేశాం. గేటు వైపు సగం ఆమె సాన్పి, మెట్ల వైపు సగం నా ఉత్త నీళ్లు. ఓడితే దసరా దాకా సాన్పి, కలుపు రెండూ నావే. గెలిస్తే కొడవలి ముక్క అన్నయ్య చేతికి.

ముసురు పట్టింది... తెరిపి ఇచ్చిన పొద్దున చూస్తే గేటు వైపు నారుమడిలా ఉంది. మెట్ల వైపు అక్కడొకటి ఇక్కడొకటి, వేలితో తీసేసేంత.

నాయనమ్మ గొంతుకూర్చుని ఒక మొలక తుంచి చూసింది. "అవ్, మన బర్రె మేసే గడ్డే ఇది," అంది. తర్వాత అన్నయ్యను పిలిచింది.

"ఆ బ్యాటు ఆడ పెట్టి ఇటు రారా. ఇగ నీదే పని."

మెట్ల మీద కాళ్లూపుతూ అన్నయ్య కలుపు తీయడం చూసిన సుఖం... డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా దొరకలేదు నాకు. మర్నాటి నుంచి సాన్పి గేటు బయటి మట్టికి మారింది. ముగ్గు కూడా అక్కడికే.

ఇప్పుడు నాయనమ్మ లేదు, బర్రె లేదు... వాకిలి గురించి నాతో పందేనికి దిగే మనిషి లేదు. బండలు తీసి నాన్న రంగురంగుల సిమెంటు ఇటుకలు పరిపించాడు. సందుల్లో ఇసుక కొట్టుకుపోయి, దుమ్ము చేరి, మళ్లీ గడ్డి. మొన్న గడ్డిమందు డబ్బా తెచ్చాడు. వద్దన్నాను. మా కోళ్లు పొద్దంతా ఏరుకు తినేది ఆ సందుల్లోనే.

"ప్రతిదానికి అడ్డం తిరుగుడేందే? కొడితే జల్దీ ఎండిపోతది గద," అన్నాడు.

మీ ఇళ్లలో వాకిట్లో కలుపు ఎవరి వంతు... చెప్పండి, అన్నీ చదువుతాను.

నేను డబ్బా కొట్లో తిరిగి ఇచ్చేశాను. ఈ ఆదివారం గడ్డి వేళ్లతో సహా పీకి, సందుల నిండా ఇసుక కూరుతున్నాను. మా వాకిట్లో మందు పడదు.